ఒకరికి పదిహేడు, మరొకరికి ఐదు: ఒక డాక్టర్ జంట రెసిడెన్సీ ఇంటర్వ్యూల లెక్క

అమెరికాలో రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే పీజీ శిక్షణకు, దరఖాస్తు చేసుకున్న తెలుగు డాక్టర్లు ఏటా నవంబరులో నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. ఎన్ని ఇంటర్వ్యూలు ఇస్తే చాలు? సీనియర్లలో కొందరు పది అంటారు, కొందరు పన్నెండు అంటారు, మరికొందరు వచ్చినవన్నీ ఇచ్చెయ్యమంటారు. ఒంటరిగా దరఖాస్తు చేసేవారికి ఈ జవాబులు కొంతవరకు పనికొస్తాయి. 2024–25 సీజన్‌లో నా సలహా కోరిన ఒక భార్యాభర్తలకు మాత్రం ఇవేవీ పనికిరాలేదు. వారిద్దరి అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు మార్చాను. లెక్కల తీరు మాత్రం జరిగినదే.

నేను ఇంటర్నల్ మెడిసిన్ వైద్యుణ్ణి. రెసిడెన్సీ నడిపే ఆసుపత్రిలో పనిచేస్తూ, ఇంటర్వ్యూ బృందంలో కూర్చుంటాను. బల్లకు అవతలి వైపు నుంచి చూసిన అనుభవం కూడా ఈ కేసులో అవసరమైంది.

నేపథ్యం

ఆమె కోస్తాలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో చదివి 2021లో హౌస్ సర్జన్సీ ముగించింది. అమెరికా వైద్య లైసెన్సు పరీక్షల్లో ఒకటైన స్టెప్ 2 సీకేలో 256 మార్కులు. అమెరికాలో మూడు చోట్ల అబ్జర్వర్‌షిప్ (అక్కడి వైద్యుల పక్కన ఉండి పని గమనించడం) చేసి, మూడు సిఫార్సు లేఖలు సంపాదించుకుంది. న్యూజెర్సీలో మేనత్త ఇంట్లో ఉంటూ ఇంటర్నల్ మెడిసిన్‌కు దరఖాస్తు చేసింది. అతను తెలంగాణలో ప్రైవేటు కళాశాల నుంచి 2018లో బయటికి వచ్చాడు. మార్కులు 238. పిల్లల వైద్యం అంటే ప్రాణం, అందుకే పీడియాట్రిక్స్. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేస్తూ అక్కడి నుంచే దరఖాస్తు పెట్టాడు.

ఆ సీజన్‌లో, దరఖాస్తులు పంపే ఆన్‌లైన్ వ్యవస్థ ఈరాస్ రుసుము ఒక్కో విభాగంలో మొదటి 30 ప్రోగ్రాములకు 11 డాలర్ల చొప్పున, ఆపైన ఒక్కొక్కదానికి 30 డాలర్లు. ఆమె 140 ప్రోగ్రాములకు 3,630 డాలర్లు, అతను 90 ప్రోగ్రాములకు 2,130 డాలర్లు కట్టారు. దరఖాస్తులకే దాదాపు 4.8 లక్షల రూపాయలు. పరీక్షల ఫీజులు, విమానం ఖర్చులు, అబ్జర్వర్‌షిప్ ఖర్చులు వేరు. ఇంత పోసినవాళ్లకు చేతికొచ్చిన ఏ ఇంటర్వ్యూనైనా వదులుకోవాలంటే మనసు ఒప్పదు. అది నాకు బాగా తెలుసు.

సెప్టెంబరు 25న ప్రోగ్రాములు దరఖాస్తులు తెరిచాయి. నవంబరు మూడో వారానికి ఆమెకు 17 పిలుపులు వచ్చాయి: న్యూయార్క్ నగరంలో ఐదు, ఉత్తర న్యూజెర్సీలో మూడు, మిషిగన్‌లో రెండు, ఒహాయోలో రెండు, పెన్సిల్వేనియాలో రెండు, జార్జియా, ఆర్కన్సా, నార్త్ డకోటాల్లో ఒక్కొక్కటి. అతనికి ఐదు: బ్రూక్లిన్, బ్రాంక్స్, న్యూజెర్సీ, మిషిగన్, టెక్సస్. అప్పటికి ఆమె నాలుగు ఇచ్చేసింది, అతను ఒకటి. అభ్యర్థుల ఇష్టాలనూ ప్రోగ్రాముల ఇష్టాలనూ సరిపోల్చి సీట్లు కేటాయించే పద్ధతిని మ్యాచ్ అంటారు. ఇద్దరూ అందులో జంటగా పాల్గొనే కపుల్స్ మ్యాచ్‌లో పేర్లు కలుపుకోవాలని నిర్ణయించుకున్నారు.

మొదట ఫోను చేసింది ఆమె ఒక్కతే. "సర్, పదిహేడూ ఇవ్వాలా, పన్నెండు దగ్గర ఆపేయాలా? ఆయనకు ఐదే వచ్చాయి, నేను వదులుకుంటే పాపం అనిపిస్తోంది" అంది. ఇది ఆమె ఒక్కతే తేల్చుకోవలసిన విషయం కాదు కనుక, ఆ ఆదివారం అతన్ని కూడా కలుపుకొని మాట్లాడదామన్నాను.

పన్నెండు అనే అంకె ఎక్కడిది

మ్యాచ్ నడిపే సంస్థ ఎన్‌ఆర్‌ఎంపీ. అభ్యర్థి తన ఇష్టక్రమంలో ప్రోగ్రాములను రాసిచ్చే ర్యాంక్ జాబితాలో ఎన్ని ప్రోగ్రాములుంటే మ్యాచ్ అయ్యే అవకాశం ఎంతో చూపే గ్రాఫులను అది తన నివేదికల్లో ప్రచురిస్తుంది. అమెరికాలో చదివిన ఎండీ (అక్కడ అది మన ఎంబీబీఎస్ లాంటి మొదటి వైద్య డిగ్రీ) విద్యార్థుల గీత మొదట నిటారుగా లేచి, డజను దగ్గరికి వచ్చేసరికి దాదాపు చదునైపోతుంది. మన వాట్సాప్ గుంపుల్లో తిరిగే "పన్నెండు చాలు" అనే మాట అక్కడ పుట్టిందే.

దాన్ని మనకు తెచ్చి అతికించేముందు రెండు సంగతులు చూడాలి. 2024 మ్యాచ్‌లో అమెరికన్ ఎండీ చివరి ఏడాది విద్యార్థుల్లో 93.5 శాతం మందికి సీటు వచ్చింది. అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో 58.5 శాతం మందికే వచ్చింది. మన గీత వేరు, వారి గీత వేరు. ఇక రెండోది: జాబితా పొడవుగా ఉన్నవారు మ్యాచ్ కావడానికి పొడవు ఒక్కటే కారణం కాదు. మంచి మార్కులు, మంచి లేఖలు ఉన్నవారికే ఎక్కువ పిలుపులు వస్తాయి కాబట్టి వారి జాబితా పొడవవుతుంది. బలం వల్ల వచ్చిన ఫలితాన్ని పొడవు ఖాతాలో రాసుకుంటే లెక్క తప్పుతుంది.

ఆదివారం నాడు వాళ్లకు ఒక కాగితపు లెక్క చూపించాను. ఒక్కో ఇంటర్వ్యూ నుంచి సీటు వచ్చే అవకాశం 15 శాతం అనుకుందాం. ఇది ఊహ మాత్రమే. ఐదు ఇంటర్వ్యూలకు కనీసం ఒకచోట సీటు వచ్చే అవకాశం 56 శాతం అవుతుంది. ఎనిమిదికి 73, పదికి 80, పన్నెండుకు 86, పదిహేనుకు 91, ఇరవైకి 96. ఐదు నుంచి ఎనిమిదికి పోతే మూడు ఇంటర్వ్యూలకే 17 శాతం పెరిగింది. పదిహేను నుంచి ఇరవైకి ఐదు ఇచ్చినా పెరిగింది ఐదే. ఆమె గీత చదునైన చోట నిలబడి ఉంది. అతను ఇంకా నిటారు గోడ మొదట్లో ఉన్నాడు.

ఈ లెక్కకు ఒక లోపముంది. ప్రతి ఇంటర్వ్యూ మిగతావాటితో సంబంధం లేకుండా నడుస్తుందని ఇది అనుకుంటుంది. నిజానికి అన్ని చోట్లా అదే సిఫార్సు లేఖ, అదే వీసా అవసరం, చదువు ముగిశాక వచ్చిన అదే విరామం. 2018 తర్వాత ఏం చేశావని అడిగినప్పుడు అతని జవాబు ఒకచోట తడబడితే ఐదు చోట్లా తడబడుతుంది. అందుకే పలుచగా ఉన్న ఫైలుకు అసలు అవకాశం కాగితం మీద కనిపించేదానికంటే తక్కువ. ఆ జవాబు ముందు సరిచేయించాను. గ్రామీణ ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన రెండేళ్లను అతను ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పేవాడు. టీకాల రోజు ఎంతమంది పసిపిల్లలను చూసేవాడో, ఒంటరిగా ఏ నిర్ణయాలు తీసుకోవలసి వచ్చేదో చెప్పమన్నాను. అది విన్న ఏ పీడియాట్రిక్స్ డైరెక్టరైనా కుర్చీలో ముందుకు జరుగుతారు.

ఇంటర్వ్యూకు అయ్యే అసలు ఖర్చు

2020కి ముందు విమానం టికెట్టు, హోటలు ఖర్చులే సంఖ్యకు కళ్లెం వేసేవి. కోవిడ్‌తో ఇంటర్వ్యూలు వీడియోకు మారాక ఆ కళ్లెం తెగిపోయింది. ఇరవై, పాతిక ఇంటర్వ్యూలు పెట్టుకోవడం బలమైన అభ్యర్థులకు తేలికైంది. ఆ ఏడాది చివర్లోనే, కొందరి దగ్గర ఇంటర్వ్యూలు పోగుపడి మిగతావారికి అందడం లేదని అమెరికా వైద్య కళాశాలల సంఘం ఏఏఎంసీ బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చింది.

డబ్బు ఖర్చు లేకపోయినా సమయం, శక్తి ఖర్చవుతాయి. ముందురోజు సాయంత్రం రెసిడెంట్లతో పరిచయ సమావేశం, మరునాడు ఉదయం డైరెక్టర్ ప్రసంగం, తర్వాత పదిహేను ఇరవై నిమిషాల చొప్పున మూడు నాలుగు ముఖాముఖీలు. ఆ ప్రోగ్రాము గురించి చదువుకోవడానికి మరో పూట.

ఆమెతో మాక్ ఇంటర్వ్యూ పెట్టాను. మరుసటి రోజు ఉన్న ప్రోగ్రాము పేరు చెప్పి, మా దగ్గరకే ఎందుకు రావాలనుకుంటున్నారని అడిగాను. ఆమె చక్కగా నవ్వుతూ, "మీ 4+1 షెడ్యూలు నాకు బాగా నచ్చింది. నాలుగు వారాలు వార్డు, ఒక వారం క్లినిక్కు ఉండటం వల్ల దేని మీద మనసు దానిమీద నిలుస్తుంది" అంది. ఆ ప్రోగ్రాముది 6+2. 4+1 అంతకుముందు వారం ఇచ్చిన ఇంటర్వ్యూలోది. చెప్పేదాకా ఆమెకు తెలియలేదు. తెలిశాక చాలాసేపు మాట్లాడలేదు. ఆ వారంలో ఆమెకు మూడు ఇంటర్వ్యూలున్నాయి.

ఇలాంటి పొరపాటు ఎవరూ ముఖాన చెప్పరు. మా బృందంలోనైతే ఇంటర్వ్యూ ముగిసిన రోజే మార్కులు వేసేస్తాం. "ఈ ప్రోగ్రాము పట్ల ఆసక్తి" అనే గడిలో తక్కువ పడుతుంది, అంతే. కాబట్టి పదిహేడో ఇంటర్వ్యూ ఊరికే వచ్చినది కాదు. దానికోసం పదో ఇంటర్వ్యూ, పదకొండో ఇంటర్వ్యూ తమ పదును కొంత కోల్పోతాయి.

అతని అలసట మరో రకం. నవంబరు 3న అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పారు. అంతకుముందు తూర్పుతీరంలో ఉదయం 8 అంటే హైదరాబాద్‌లో సాయంత్రం 5:30, ఆ తర్వాత 6:30. డ్యూటీ దిగి, హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఇంటికి చేరి, కోటు వేసుకుని కూర్చుంటే రాత్రి పదకొండున్నర దాకా లేవడానికి లేదు. ఐదే కనుక ఆ రోజులకు సెలవు పెట్టమని, డ్యూటీ చేసి మాత్రం కూర్చోవద్దని చెప్పాను. తక్కువ పిలుపులున్నవారు ఒక్కోదానికీ పెట్టవలసిన శ్రద్ధ అది.

జతల లెక్క

కపుల్స్ మ్యాచ్‌లో ఇద్దరూ విడివిడిగా ప్రోగ్రాములకు ర్యాంకు ఇవ్వరు. జతలకు ఇస్తారు. ఆమె బ్రాంక్స్, అతను న్యూజెర్సీ ఒక వరుస. ఆమె మిషిగన్, అతను మిషిగన్ మరొక వరుస. ఇద్దరి జాబితాల్లో వరుసల సంఖ్య సమానంగా ఉండాలి. ఒకరికి సీటు వచ్చి రెండోవారికి రాకపోయినా సరేననుకునే వరుసలో, రాని వారి వైపు ప్రోగ్రాము కోడుకు బదులు 999999999 అని వేస్తారు. ఆల్విన్ రోత్, ఇలియట్ పెరాన్సన్ రూపొందించి, 1998 నుంచి వాడుకలో ఉన్న అల్గారిథమ్ ఈ జతలను కూడా చూసుకునేలా తయారైంది. రోత్‌కు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది ఈ రకం కృషికే. మనం గుర్తుంచుకోవలసినది ఒక్కటి: మనకు నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో ఆ క్రమంలోనే రాయాలి. ఎక్కడ వస్తుందో ఊహించి వరుస మార్చితే నష్టమే తప్ప లాభం లేదు.

జతలుగా చూసేసరికి ప్రశ్న రూపమే మారిపోయింది. ఆమెవి 17, అతనివి 5 పెట్టుకుంటే మొత్తం 85 జతలు. వీటిలో ఒకే ఇంట్లో ఉండి ఇద్దరూ పనికి వెళ్లగలిగినవి ఎన్ని? న్యూయార్క్, ఉత్తర న్యూజెర్సీ కలిపి ఆమెకు ఎనిమిది, అతనికి మూడు: 24 జతలు. మిషిగన్‌లో రెండూ ఒకటీ: 2 జతలు. మొత్తం 26. ఒహాయో, పెన్సిల్వేనియా, జార్జియా, ఆర్కన్సా, నార్త్ డకోటాల్లోని ఆమె ఏడు ఇంటర్వ్యూల నుంచి కాపురం ఉండగలిగే జత ఒక్కటి కూడా పుట్టదు.

ఏవి వదలాలి, ఏవి వదలకూడదు

ఈ లెక్క చూడగానే ఆమె, "అయితే నార్త్ డకోటా, ఆర్కన్సా తీసేస్తాను సర్" అంది. చలి, దూరం, మనవాళ్లు లేకపోవడం. అక్కడ నేను గట్టిగా అడ్డుపడ్డాను.

ఆ రెండు ప్రోగ్రాముల వెబ్‌సైట్లు తెరిచి ప్రస్తుత రెసిడెంట్ల పేజీ చూశాం. రెండింటిలోనూ వీసా మీద వచ్చిన విదేశీ పట్టభద్రులు ఏటా కనిపిస్తున్నారు. పెద్ద నగరాల్లోని ఐదింటికీ వేలాది మంది పోటీ. ఊరికి దూరంగా ఉన్న ప్రోగ్రాముల్లో "ఇక్కడ ఉంటానన్న" అభ్యర్థి మాటకు విలువ ఎక్కువ. మీ మీద నాకు ప్రత్యేక ఆసక్తి ఉందని దరఖాస్తుతో పాటే ప్రోగ్రాముకు తెలిపే గుర్తు సిగ్నల్; గోల్డ్ అంటే ఎక్కువ ఆసక్తి, సిల్వర్ దాని తర్వాతది. ఆమె తన మూడు గోల్డ్ సిగ్నళ్లనూ న్యూయార్క్, న్యూజెర్సీలకే వాడినా, నార్త్ డకోటాకు ఒక సిల్వర్ సిగ్నల్ ఇచ్చింది. ఇంటర్నల్ మెడిసిన్‌లో ఆ సీజన్‌కు గోల్డ్ 3, సిల్వర్ 12. సిగ్నల్ ఇచ్చి, పిలిపించుకుని, ఇప్పుడు రానంటే అది ఎవరికీ బాగుండదు. పైగా న్యూయార్క్‌లో అన్నీ ఒకే రకమైనవే. అక్కడ ఒక కారణంతో పక్కనపెడితే మిగతా చోట్లా అదే కారణంతో పక్కనపెట్టవచ్చు. వేరే నేల మీద నిలబడే ప్రోగ్రాములు రెండైనా జాబితాలో ఉండాలి.

చివరికి ఆమె వదిలినవి నాలుగు. ఒహాయోలో ఒకటి, పెన్సిల్వేనియాలో ఒకటి, జార్జియాలోది: వీటి దగ్గర్లో అతనికి ఏదీ లేదు, విదేశీ పట్టభద్రులూ పెద్దగా కనిపించలేదు, ఆమెకు ప్రత్యేకంగా నచ్చిన అంశమూ లేదు. నాలుగోది న్యూయార్క్ నగరంలోదే. రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ వెబ్‌సైట్‌లో ప్రతి ప్రోగ్రాము స్థితి ఎవరైనా చూడవచ్చు. ఈ ప్రోగ్రాము అక్కడ ప్రొబేషన్‌లో, అంటే లోపాలు సరిదిద్దుకోవాలన్న హెచ్చరిక కింద, ఉంది. "ఇక్కడ సీటు వస్తే చేరతావా, మళ్లీ ఏడాది ప్రయత్నిస్తావా?" అని అడిగాను. మళ్లీ ప్రయత్నిస్తానంది. అలాంటప్పుడు ఆ ఇంటర్వ్యూకు అర్థం లేదు. ర్యాంకు ఇచ్చి మ్యాచ్ అయితే చేరక తప్పదు, అది ఒప్పందం. చేరని చోటికి ర్యాంకు ఇవ్వకూడదు, ర్యాంకు ఇవ్వని చోట ఇంకొకరి స్థానం ఆక్రమించకూడదు.

నాలుగు వదిలితే 26లో పోయినవి మూడే జతలు. అవీ ఆ ప్రొబేషన్ ప్రోగ్రామువే. 13 ఇంటర్వ్యూలు, 23 జతలు.

రద్దు చేసే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. నాలుగింటికీ ఆమె అదే రోజు రాసింది. అన్నీ మూడు వారాలకు పైగా దూరంలో ఉన్నాయి. ఇంత ముందుగా రద్దు చేస్తే కోఆర్డినేటర్ వేచి ఉన్న జాబితాలోని వారికి కబురు పంపుతారు, ఆ ఖాళీ నిమిషాల్లో నిండిపోతుంది. నిండేది ఎవరితో? రెండే పిలుపులు చేతిలో పెట్టుకుని, రాత్రింబవళ్లు ఫోను పట్టుకుని కూర్చున్న మన పిల్లల్లాంటి ఎవరో ఒకరితో. ముందురోజు రాత్రి రద్దు చేస్తే ఆ స్థానం వృథా. అసలు చెప్పకుండా మానేస్తే, ఆ కళాశాల నుంచి మరుసటి ఏడు వచ్చే దరఖాస్తు మీద కూడా ఆ నీడ పడుతుంది. ఇది నేను గదిలో కూర్చుని విన్న మాట.

ఉత్తరం రెండు వాక్యాలు చాలు: పిలిచినందుకు కృతజ్ఞతలు, ఈ స్థానం మరొక అభ్యర్థికి ఉపయోగపడాలని ముందుగా తెలియజేస్తున్నాను. కారణాలు అక్కర్లేదు.

అతని ఐదును పెంచడం

ఈ కేసులో ఆమె సంఖ్య మీద పెట్టే ఆలోచనంతా అతని సంఖ్య మీదికి మళ్లించవలసి ఉంది. ఆమెకు మరో ఇంటర్వ్యూ పెరిగితే, అది న్యూయార్క్ ప్రాంతంలోనైనా సరే, వచ్చేది మూడు జతలు. అతనికి అదే ప్రాంతంలో ఒకటి పెరిగితే ఏడు జతలు.

ఆమె ఇంటర్వ్యూ ఇస్తున్న ఆసుపత్రుల్లో కొన్నింటికి సొంత పీడియాట్రిక్స్ రెసిడెన్సీ ఉంది. అతను వాటికి దరఖాస్తు చేశాడు, జవాబు రాలేదు. వదిలిన నాలుగు ఇంటర్వ్యూల నుంచి మిగిలిన సమయంలో ఇద్దరూ కలిసి ఆ పీడియాట్రిక్స్ కోఆర్డినేటర్లకు ఉత్తరాలు రాశారు. నా భార్య మీ ఆసుపత్రిలోనే ఇంటర్నల్ మెడిసిన్‌కు ఫలానా తేదీన ఇంటర్వ్యూకు వస్తోంది, మేము కపుల్స్ మ్యాచ్‌లో ఉన్నాము, నా దరఖాస్తును మరొకసారి చూడగలరా అని. ఆమె కూడా తన ఇంటర్వ్యూలో డైరెక్టర్లకు ఆ సంగతి దాచకుండా చెప్పింది. చెబితే తన అవకాశం తగ్గుతుందేమోనని భయపడింది కానీ, భార్యాభర్తలిద్దరూ ఒకేచోట కుదురుకుంటే నిలకడగా ఉంటారని ఇష్టపడే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. పీడియాట్రిక్స్‌లో 2024 మ్యాచ్‌లో 250కి పైగా సీట్లు నిండకుండా మిగిలాయి. అలాంటి ఏడాది తర్వాత డైరెక్టర్లు ఇలాంటి ఉత్తరాన్ని పక్కన పడెయ్యరని నా అంచనా.

డిసెంబరులో అతనికి మరో రెండు వచ్చాయి. ఒకటి న్యూజెర్సీ, ఒకటి మిషిగన్. దాంతో కలిసి ఉండగలిగే జతలు: న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఆమెవి ఏడు, అతనివి నాలుగు కలిసి 28. మిషిగన్‌లో రెండూ రెండూ కలిసి 4. మొత్తం 32. ఆమె నాలుగు వదిలాక కూడా మొదటి 26 కంటే ఎక్కువే.

ర్యాంక్ జాబితా

ఫిబ్రవరిలో అసలు కష్టం వచ్చింది. 13, 7 కలిస్తే 91 జతలు. వాటిలో 32 కలిసి ఉండేవి, 59 వేర్వేరు రాష్ట్రాల్లో విడిగా ఉండేవి. ఆపైన ఆమెకు వచ్చి అతనికి రానివి 13, అతనికి వచ్చి ఆమెకు రానివి 7. అన్నీ రాస్తే 111 వరుసలు.

మొదటి 32 గురించి వాదన లేదు. తర్వాత ఏముండాలి? మూడేళ్లు ఆమె నార్త్ డకోటాలో, అతను టెక్సస్‌లో ఉండటం మేలా, లేక ఒకరు చేరి రెండోవారు డిపెండెంట్ వీసా మీద వచ్చి మరుసటి ఏడు ప్రయత్నించడం మేలా? దీనికి లెక్కల్లో జవాబు లేదు. ఇద్దరినీ విడివిడిగా కాగితం మీద రాయమన్నాను, ఒకరిది ఒకరు చూడకుండా. అతను, ఆమెకు ఎక్కడ వచ్చినా వదలకూడదు, తనకు రాకపోయినా సరే అని రాశాడు. ఆమె, విడిగానైనా ఇద్దరికీ రావాలి అని రాసింది. ఇద్దరూ రెండోవారి గురించే ఆలోచించారు. చదివాక మేనత్త కూడా ఆ సంభాషణలో చేరింది. మూడేళ్లు ఎంతలో గడుస్తాయమ్మా, ఇద్దరికీ పని ఉండాలి అంది. నేను అటూ ఇటూ చెప్పలేదు. చివరికి ఆమె మాటే నిలిచింది. 59 ముందు, 13 తర్వాత, 7 చివర.

గడువు మార్చి 5, తూర్పుతీర సమయం రాత్రి 9. కోడ్లు తారుమారు కాకుండా రెండు జాబితాలనూ వరుస వరుసగా పక్కపక్కన పెట్టి చదివాం. కపుల్స్ జాబితాలో ఒక వరుస జారితే దాని కింద ఉన్నవన్నీ తప్పుడు జతలవుతాయి. గడువుకు రెండు రోజుల ముందే ఇద్దరూ జాబితాలను సర్టిఫై చేసి ఖరారు చేశారు. ఆఖరి గంట కోసం ఆగవద్దని ఎంత చెప్పినా ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఆగుతారు.

ఫలితం

మార్చి 17 సోమవారం ఇద్దరికీ మ్యాచ్ అయినట్టు కబురు వచ్చింది. శుక్రవారం, 21న ఎక్కడో తెలిసింది: ఆమె బ్రాంక్స్, అతను న్యూజెర్సీ. జాబితాలో పదకొండో జత. మధ్యలో జార్జ్ వాషింగ్టన్ వంతెన.

న్యూజెర్సీలో అతనికి వచ్చిన సీటు మొదటి ఐదింటిలోనిదే. ఉత్తరాలు రాసి తెచ్చుకున్న రెండింటిలోనిది కాదు. అయినా ఆ రెండూ అనవసరమని నేను అనను. నవంబరులో ఏ తలుపు తెరుచుకుంటుందో ఎవరికీ తెలియదు. అలాగే ఆమె పదిహేడూ ఇచ్చి ఉంటే ఫలితం మారేదా అన్నది ఈ ఒక్క కేసుతో తేలదు. వదిలినవాటితో కలిపి చూసినా పదకొండో జతకు పైన చేరేవి లేవని మాత్రం వారి సొంత ఇష్టాల క్రమం చెబుతోంది. ఆ పైన రాసుకున్నవన్నీ మిగిలిన ప్రోగ్రాముల జతలే.

ఆ మే నెలాఖరులో విద్యార్థి, ఎక్స్ఛేంజ్ వీసాల కొత్త అపాయింట్‌మెంట్లు కొన్ని వారాలు ఆగిపోయి ఎందరో అల్లాడారు. వీరు పత్రాలు చేతికి రాగానే తేదీ తీసుకోవడంతో ఆ చిక్కు తప్పింది.

ఒంటరిగా దరఖాస్తు చేసినవారికి

ఈ జంట లెక్క అందరికీ వర్తించదు. జతలు లేని చోట నేను చెప్పేది చిన్నదే. ఏడెనిమిది లోపు పిలుపులుంటే ఒక్కటీ వదలొద్దు, ఊరి పేరు చూసి ముఖం చిట్లించొద్దు. పన్నెండు దాటాక, కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ చేతిలో ఉన్నవాటిలో అన్నిటికంటే అడుగున ఉన్నదానితో పోల్చండి. దానికంటే మెరుగైతే తీసుకుని అడుగునున్నదాన్ని ముందుగా వదలండి. పదిహేను దాటితే, వీసా, చదువు ముగిశాక విరామం, రెండోసారి ప్రయత్నం లాంటి బరువులు మీ ఫైలు మీద ఎన్ని ఉన్నాయో చూసుకోండి. అవి రెండు మూడు ఉంటే మరికొన్ని ఇవ్వడంలో తప్పు లేదు. ఏవీ లేకపోతే ఆపండి.

మూడే ఉన్నవారికి ఆ మూడింటి తయారీతో పాటు జనవరి పని కూడా ఉంది. ఆ నెలలో రద్దులు ఎక్కువ, ఖాళీలు ఉన్నట్టుండి పుడతాయి. వేచి ఉన్న జాబితాల్లో పేరు ఉంచండి, ఫోను మోగేలా పెట్టుకోండి, ఒక రోజు ముందు చెప్పినా కూర్చునేలా కోటు, కెమెరా సిద్ధంగా ఉంచండి. మార్చి సోమవారం కబురు నిరాశపరిస్తే అదే వారంలో నిండని సీట్లకు దరఖాస్తు చేసే సోప్ మొదలవుతుంది. దానికి కావలసిన పత్రాలు, ప్రోగ్రాము వారీగా మార్చుకోవలసిన వ్యక్తిగత ప్రకటనలు ఫిబ్రవరిలోనే రాసి పెట్టుకోవాలి. సోమవారం ఉదయం మొదలుపెడితే అందదు.